ఏనుగొస్తోందని ఎవరు చెప్పాలి

కొండవాక రాజు శూరపరాజుకి ఒకరోజు తప్పెట మోతకి పొద్దుటి నిద్ర చెడింది. కొలువుకి రాగానే, "అసలీ చాటింపు మనకింకా అవసరమా?" అన్నాడు.

ఆ మాట కోసమే కాచుక్కూచున్నాడు మంత్రి భైరవయ్య. ఈమధ్యే అతను ఊళ్ళోకి గంట కథలోళ్ళని దింపాడు. గుమ్మంలో గంట కొడితే చాలు, కథలోడు ఇంటికే వస్తాడు. అడిగిన కథ చెబుతాడు, వద్దనేదాకా చెబుతాడు. జనం ఎగబడ్డారు.

"అక్కర్లేదు ప్రభూ. మీ చాటింపులు కూడా మావాళ్ళే చెప్పేస్తారు. గంగుల్ని ఇంటికి పంపేయండి."

గంగులంటే చాటింపు వేసేవాడు. అతని మీద బోలెడు కట్టుబాట్లు. ఏ గుడిసే వదలకూడదు. మాట మార్చకూడదు. ఎవర్నీ పొగడకూడదు. ఒక్కడూ వినకపోయినా వెయ్యాల్సిందే. కథలోళ్ళకి ఏ కట్టుబాటూ లేదు.

తప్పెట పోతే గంగులుకి కూడు పోతుంది. అదొక్కటే కాదు, వాగవతల గుడిసెలోళ్ళకి వాగు పొంగుతోందని చెప్పే దిక్కుండదు. అంతదూరం ఏ కథలోడూ పోడు.

గంగులు గొడవ పెట్టుకోలేదు.

"ఒక్కరోజు చూడండి దొరా. మంత్రిగారుండే కోటవీధి వదిలేస్తాను, అక్కడ కథలోళ్ళనే చెప్పమనండి. మిగతా ఊరు నేను చూసుకుంటా. మాట ఎక్కడ చేరిందో, ఎక్కడ చేరలేదో మీరే తేల్చండి."

"మా వీధిలో ఇంటింటికీ గంటుందిరా వెర్రోడా," అన్నాడు భైరవయ్య.

"అందుకే ఆ వీధి అడిగానండి."

రాజు సరేనన్నాడు.

ఆ సాయంత్రం చావడిలో మావటివాడు గంగులుకీ కథలోళ్ళకీ చాటాల్సిన మాట చెప్పాడు. రేపు పొద్దున్నే పట్టపుటేనుగుని ఊరి మీదుగా ఏటికి తోలుకెళ్తారు. అది మనుషుల్నేమీ అనదు గానీ తీపి కనబడితే ఆగదు. అరుగుల మీద పళ్ళూ బెల్లం ఉంచుకోవద్దు. ఏటా ఆ మాట చాటేది గంగులే. ఏనుగు సంగతి అతనికి బాగా తెలుసు.

కథలోళ్ళు మాట తీసుకుని కోటవీధికి పోయారు. గంగులు కాళ్ళు వాచేలా ఊరంతా తిరిగి, వాగు కూడా దాటొచ్చాడు.

తెల్లారి ఏనుగు బయల్దేరింది. వెనకాల రాజు, పక్కన గంగులు. కుమ్మరివీధిలో అరుగులన్నీ నున్నగా ఊడ్చేసున్నాయి. బెల్లప్పలుకు లేదు. పాపం ఏనుగు ఉసూరుమంటూ నడిచింది.

కోటవీధి మలుపు తిరగ్గానే దాని తొండం లేచింది.

భైరవయ్య అరుగు మీద అరటిగెలలు, చెరుకు మోపు, బెల్లం కుండ. వాటి మధ్య పళ్ళు తోముకుంటూ భైరవయ్య. ఏనుగు తిన్నగా వచ్చి గెలందుకుంది. భైరవయ్య పంచె ఎగ్గట్టి, గోడకున్న నిచ్చెనెక్కి పెంకుల మీదికి పోయాడు. చెరుకు కోసం తిరగబోయి ఏనుగు నిచ్చెనని పడేసి తొక్కేసింది.

"మంత్రీ, పొద్దున్నే పైనేం పని?" అన్నాడు రాజు.

"ఏనుగొస్తోందని నాకెవరూ చెప్పలేదు ప్రభూ. ఆ కథలోడేడీ?"

కథలోడు చేతులు కట్టుకుని వచ్చాడు.

"చెప్పబోయానండి. 'ఊరి కబుర్లెవడిక్కావాలి, నన్ను పొగిడే కథ అందుకో' అన్నారు. అందుకున్నాను. అడిగింది చెప్పడమే కదండీ మా పని."

గంగులు తప్పెట భుజానికి సర్దుకుని పైకి చూశాడు.

"అయ్యగారూ, కథ కావాలంటే గంట కొట్టండి. నిచ్చెన కావాలంటే నన్ను చాటమనండి."

భైరవయ్య పెంకుల మీంచి తొంగి విరిగిన నిచ్చెన వంక చూశాడు.

"చాటరా," అంది చివరికి ఒక చిన్న గొంతు.

రాజు కడుపు పట్టుకుని నవ్వాడు. భుజం మీది శాలువా తీసి గంగులుకి కప్పాడు.

"ముందు నా మాట చాటు. ఇకనుంచి ఎవరింట గంట మోగినా తొలుత చాటింపు, తరవాతే కథ. వాగవతల గుడిసెలకీ కథలోళ్ళు పోవాల్సిందే. ఆ తరవాత నిచ్చెన సంగతి చాటు."

గంగులు రెండూ చాటాడు, మాట మార్చకుండా.

ఒక్క నిచ్చెనడిగితే పదకొండొచ్చాయి. రెండు వాగవతలి నుంచి.