ఒక్క దుప్పటికి ఒక్క దమ్ము

అనగనగా సముద్రాలకి అవతల ఒక ఊరుందిట. ఆ ఊళ్ళో కోరలీ అని ఒక పిల్ల. నీలాగే నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. ఏం, మూతి ముడుస్తావెందుకు? నలుపంటే నాకెంత ఇష్టమో నీకు తెలీదూ!

వాళ్ళమ్మ హెస్టరు ఊరందరి బట్టలూ ఉతికి ఇస్త్రీ చేసేది. కోరలీ పక్కన కూచుని పాడేది. అప్పుడు వాళ్ళమ్మ ఒక పందెం పెట్టింది. ఇస్త్రీ పెట్టె దుప్పటి ఈ కొసన బయల్దేరి ఆ కొసకి చేరేదాకా రాగం తెగకూడదు. ఒక్క దుప్పటికి ఒక్క దమ్ము! మొదట్లో సగం దుప్పటికే పిల్లకి ఆయాసం వచ్చేది. ఆ తర్వాత ముప్పావు దుప్పటి. ఆ తర్వాత దుప్పటి అయిపోయినా పాట ఆగేది కాదు, గడుగ్గాయి.

ఆ దేశంలో ఒపేరా అని ఒకటుంటుంది. మన వీధి భాగవతంలాగా కథంతా పాడుతూనే ఆడతారు. మైకుండదు, గొంతే మైకు. కోరలీ పెద్దయ్యాక అది నేర్చుకుంది. కానీ పట్నంలోని పెద్ద ఒపేరా మందిరంలో నల్లవాళ్ళని వేదిక ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. చూడ్డానికొస్తే పైకప్పు కింద చిట్టచివరి బల్లల మీద కూచోబెట్టేవాళ్ళు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అయినా ఆ గొంతు సంగతి మందిరం పెద్దాయన చెవిన పడింది. పిలిపించాడు.

"నువ్వు తెర వెనకాల పాడు. ముందు ఇంకో అమ్మాయి నోరు కదుపుతుంది" అన్నాడు.

"వద్దండీ" అని కోరలీ వచ్చేసింది.

మరుసటి ఏడు మళ్ళీ పిలిచాడు. "సరే, వేదిక మీదే పాడు. మీ అమ్మ మాత్రం పైన చివరి బల్ల మీదే కూచోవాలి."

చిన్నప్పట్నించీ ఆ వేదిక కోసమే కలలు కన్న పిల్లాయె. కాళ్ళు వెనక్కి పడలేదుట. అయినా "మా అమ్మ ముందు వరసలో కూచుంటేనే పాడతాను" అని చెప్పేసి, ఇంటికొచ్చి దుప్పట్ల మూటలో మొహం దాచుకుని ఏడ్చింది.

"నాకోసం వదులుకున్నావా, పిచ్చితల్లీ!" అని వాళ్ళమ్మా ఏడ్చింది.

ఆ తర్వాత కోరలీ చిన్న చిన్న ఊళ్ళు తిరిగి పాడింది. విన్నవాళ్ళందరూ మందిరానికెళ్ళి "ఆ పిల్లేదీ?" అని అడగడం మొదలెట్టారు. అప్పుడు మూడోసారి పెద్దాయనే వాళ్ళింటికి నడిచొచ్చాడు. ముందు వరస టిక్కెట్టు తెచ్చి ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు.

ఆట రోజున హెస్టరు గంజి పెట్టిన గౌను వేసుకుని ముందు వరసలో కూచుంది. అందరూ తననే చూస్తుంటే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు పాపం. అప్పుడు కోరలీ ఆఖరి పాట ఎత్తుకుని, ఆఖరి రాగం తీసింది. హెస్టరు చెయ్యి తనకి తెలీకుండానే ఒళ్ళో గౌను మీద కదిలింది, నెమ్మదిగా, ఈ మోకాలి నుంచి ఆ మోకాలికి. కోరలీ అది చూసింది. అమ్మ చెయ్యి ఆగేదాకా రాగం ఆపకూడదుగా! ఆవిడేమో చెయ్యి ఎంతకీ ఆపదే! ఎంత పెద్ద దుప్పటి ఇస్త్రీ చేసిందో ఆ రోజు.

చెయ్యి ఆగింది. రాగం ఆగింది. మందిరమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. హెస్టరు ఒక్కతే లేవలేదు. ఎందుకు లేస్తుంది? కూతురు అంత కష్టపడి తెచ్చిన సీటు కదూ అది.

పాట మేడకి, దుప్పటి మడతకి,
కథేమో కంచికి, నువ్వేమో మంచానికి!