నుసుమకి గొంతు ఎందుకు లేదు

ఒకప్పుడు నుసుమకి గొంతు ఉండేది.

నుసుమ అంటే తెలుసుగా? ఆవగింజంత కూడా ఉండని నల్లటి ఈగ. సన్నటి కాళ్లు, పొగరంగు రెక్కలు. చూడటానికి దోమ పిల్లలా ఉంటుంది గానీ కుట్టదు. ఆ రోజుల్లో నుసుమలు ఇళ్లల్లోకి వచ్చేవి కావు. కొండ మీద, చెట్ల కింద, రాలిన ఆకుల మధ్య ఉండేవి. రోజంతా ఒకటే కబుర్లు. కొండెక్కే వాళ్లకి అవి మాట్లాడుకోవడం వినిపించేది.

ఆ రోజుల్లో మొక్కలు కూడా ఇళ్లల్లో ఉండేవి కావు. మొక్క అంటే బయట పెరిగేది, అంతే.

మట్టితల్లి నుసుమలకి ఒక మాట చెప్పింది. "మీ పిల్లలు నా ఒళ్లోనే పెరుగుతారు. రాలిన ఆకు తిననివ్వండి, కుళ్లిన కొమ్మ తిననివ్వండి, బూజు తిననివ్వండి. బతికున్న వేరుని మాత్రం ముట్టనివ్వకండి."

నుసుమలు ఆ మాట ఎన్నడూ తప్పలేదు. తప్పాల్సిన అవసరమూ రాలేదు. కొండ మీద రాలిన ఆకులకి కొదవేముంది?

ఆ కొండ కింద ఊళ్లో గవరమ్మ అనే ఆవిడ ఉండేది. కొండెక్కి చీపురు గడ్డి కోసుకొచ్చి, చీపుర్లు కట్టి అమ్మేది. ఒకసారి వానకి తడిసిన బండ మీద కాలు జారి పడింది. కాలి ఎముక విరిగింది. కట్టు కట్టినాయన, "వానలు వెళ్లేదాకా కాలు నేల మీద మోపకు తల్లీ" అని చెప్పి వెళ్లాడు.

రోజూ కొండెక్కే మనిషి. ఇప్పుడు మంచం, గోడ, అంతే. గవరమ్మ మాట్లాడటం మానేసింది. అన్నం ముందు పెడితే మెతుకులు లెక్కపెడుతున్నట్టు కెలికేది. ఆమె మొగుడి పేరు సన్యాసి. అతనికి ఏం చెయ్యాలో తోచలేదు.

ఒకరోజు అతను కొండకి వెళ్లి, వాగు పక్కనున్న తమలపాకు తీగలోంచి ఒక పిలకని వేళ్లతో సహా తవ్వాడు. ఇంట్లో ఉన్న నీళ్లకుండలో మట్టి నింపి దాన్ని నాటాడు. తెచ్చి మంచం పక్కన పెట్టాడు.

"ఏటిది?" అంది గవరమ్మ. చాలా రోజులకి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

"వాగు దగ్గర నువ్వు ఆకులు తెంపుకుంటావే, ఆ తీగ పిలకే."

"ఇంట్లో మొక్కేటి? చూసినోళ్లు నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వు వాగు దగ్గరికి వెళ్లలేవు కదా. అందుకని ఇదే వచ్చింది."

కుండ అడుగున కన్నం పెట్టాలని సన్యాసికి తెలియదు. ఎవరికీ తెలియదు. అంతకుముందు కుండలో మొక్కని పెంచిన వాళ్లు లేరు.

గవరమ్మకి ఆ తీగంటే ప్రాణం అయిపోయింది. పొద్దున్నే దానికి నీళ్లు పోసేది. తను నీళ్లు తాగితే దానికీ ఓ గుక్క పోసేది. తను గంజి తాగితే, "నువ్వేం తాగుతావు పాపం" అంటూ మళ్లీ నీళ్లే పోసేది. తీగ ఒక కొత్త ఆకు వేసింది. ఆ పూట గవరమ్మ కడుపునిండా అన్నం తింది.

అంతలో కొండ మీద పెద్ద వాన పట్టింది. రాలిన ఆకులన్నీ నీళ్లలో కొట్టుకుపోయాయి. గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటున్న ఒక తల్లి నుసుమని గాలి ఎత్తుకొచ్చి, గవరమ్మ ఇంటి కిటికీలోంచి లోపలికి విసిరేసింది. తల్లి నుసుమ కుండ అంచు మీద పడింది. కింద చల్లటి తడిమట్టి.

"మట్టితల్లీ, నువ్వు ఇక్కడ కూడా ఉన్నావా?" అంది ఆశ్చర్యంగా.

"ఉన్నాను గానీ ఇక్కడ నాకు ఊపిరి ఆడటం లేదు" అంది కుండలోని మట్టి. "నీళ్లు పోయడమే గాని అవి బయటికి పోవడం లేదు. ఇక్కడ గుడ్లు పెట్టకు."

"ఇంత వానలో ఎక్కడికి పోను? ఈ ఒక్కసారికీ పెట్టనివ్వు."

మట్టి కాదనలేకపోయింది. తల్లి నుసుమ గుడ్లు పెట్టి, ఇంటి దూలం మీదకి ఎగిరి పడుకుంది.

గుడ్లలోంచి పిల్లలు వచ్చాయి. తెల్లటి దారపు పోగుల్లా ఉన్నాయి. తలలు మాత్రం నల్లన. మట్టి మీద పట్టిన బూజంతా తిన్నాయి. బూజు అయిపోయింది. ఆకలి అయిపోలేదు. మట్టిలోకి దూరి వెతికాయి. అక్కడ మెత్తగా, తియ్యగా ఏదో తగిలింది. వెంట్రుకంత సన్నటి వేరు.

కొన్నాళ్లకి తీగకి ఒక ఆకు పండింది. "దాహం వేస్తున్నట్టుంది" అనుకుని గవరమ్మ ఇంకో చెంబు పోసింది. మరో ఆకు రాలింది. మరో చెంబు పోసింది.

ఒక పొద్దున చూస్తే తీగ పక్కకి వాలిపోయి ఉంది. గవరమ్మ దాన్ని నిలబెడదామని పట్టుకుంది. తీగ చేతిలోకి వచ్చేసింది. లాగలేదు, గుంజలేదు. ఊరికే వచ్చేసింది.

కింద వేళ్లు లేవు. ఉండాల్సిన చోట నల్లటి మోడు, దాన్ని పట్టుకుని మెలికలు తిరుగుతున్న తెల్లటి పురుగులు.

గవరమ్మ చెయ్యి అలాగే ఉండిపోయింది. గంజి గిన్నెతో వచ్చిన సన్యాసి ఆమె మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గవరీ, ఏమైంది?"

ఆమె తీగని పైకెత్తి చూపించింది. సన్యాసి చేతిలోని గిన్నె ఒరిగి, గంజి కారిపోతున్నా అతనికి తెలియలేదు.

దూలం మీద నుంచి తల్లి నుసుమ దిగివచ్చింది. పిల్లలు ఎదిగాయేమో చూద్దామని సంతోషంగా వచ్చింది. చూసి, గాల్లోనే రెక్కలు ఆడించడం మరిచిపోయి, దబ్బున మట్టి మీద పడింది.

"మీరు తిన్నది ఏమిటి?" అని అడిగింది పిల్లల్ని.

"మెత్తగా ఉందమ్మా. బాగుంది."

"అది బతికున్న వేరు."

"ఇక్కడ రాలిన ఆకే లేదు కదమ్మా" అన్నాయి పిల్లలు. "మేం ఏం తినాలి?"

మాట తప్పింది పిల్లలే, కానీ ఆ చోటు చూపించింది తను.

అప్పుడు తీగ మాట్లాడింది. గవరమ్మ చేతిలో వాడిపోయి, వినపడీ వినపడనట్టు. "నాకు దాహం లేదని ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో. నోటినిండా నీళ్లుంటే మాట ఎలా వస్తుంది?"

గవరమ్మ మొహం పాలిపోయింది. పురుగుల్ని చూసినప్పుడు కూడా అంతగా అదరలేదు. "నేనా? నేను పోసిన నీళ్లా?" అని ఎవరినో అడుగుతున్నట్టు అంది.

సన్యాసి పొయ్యి వైపు నడిచాడు. "కుండలో మరుగునీళ్లు పోసేస్తా. ఒక్కటి కూడా మిగలదు."

తల్లి నుసుమ అతని కళ్ల ముందుకి ఎగిరింది. "వద్దు బాబూ. వాళ్లకి ఏది వేరో ఏది ఆకో తెలియదు. పసివాళ్లు."

"నా తీగ మాత్రం పసిది కాదా?" అంది గవరమ్మ.

"ఆగండి" అంది కుండలోని మట్టి. "కణుపు దగ్గర ఒక్క తెల్లవేరు మిగిలింది, చూడండి. మరుగునీళ్లు పోస్తే అదీ పోతుంది. కుండ అడుగున కన్నం పెట్టండి. తీగని మళ్లీ నాటి నన్ను ఎండ తగిలే చోట ఉంచండి. నేను ఆరేదాకా చుక్క నీళ్లు పోయకండి. ఈలోగా రెక్కలొచ్చిన పిల్లలు ఎగిరిపోతాయి."

"రెక్కలు రానివాళ్లు?" అంది తల్లి నుసుమ.

సన్యాసి మేకుతో కుండకి కన్నం పెట్టి, తీగని మళ్లీ నాటి, కిటికీ దగ్గర ఎండలో ఉంచాడు. అతను పొలానికి వెళ్లాక కిటికీ దగ్గర ఎండ తప్పుకుంది. గుమ్మం దగ్గర మాత్రం ఉంది. గవరమ్మ మంచం దిగి నేల మీద కూర్చుని, కట్టుకట్టిన కాలు చాపుకుని, కుండని ముందుకు నెడుతూ, తను వెనక జరుగుతూ గుమ్మం దాకా వెళ్లింది. ఒళ్లంతా చెమట. రోజూ అలాగే చేసింది.

తల్లి నుసుమ కుండ అంచు మీద కూర్చుని పిల్లల్ని పిలిచింది. "పైకి రండి. మట్టి ఆరిపోతోంది. తొందరగా రెక్కలు తెచ్చుకుని పైకి రండి."

మట్టి రంగు మారింది. పైన పొడిపొడిగా అయింది. కొన్ని పిల్లలు నల్లటి రెక్కలతో బయటికి వచ్చాయి. తల్లి వాటిని చూసి ఆగలేదు, ఇంకా పిలిచింది. కింద నుంచి మొదట జవాబులు వచ్చాయి. తర్వాత తగ్గాయి. తర్వాత రాలేదు. అయినా పిలిచింది. గొంతు బొంగురుపోయింది. చివరికి నోరు తెరిస్తే ఏమీ వినిపించలేదు.

బయటికి వచ్చిన పిల్లలు తల్లి నోటి వైపే చూస్తూ కూర్చున్నాయి. వాటికి మాటలు నేర్పడానికి ఆమె దగ్గర గొంతు మిగల్లేదు.

గవరమ్మ గుమ్మంలో కూర్చుని ఇదంతా చూసింది. పురుగులు పోతే సంతోషిస్తాననుకుంది. సంతోషం రాలేదు.

వానలు తగ్గాయి. తీగ కణుపు దగ్గర ముడుచుకున్న ఆకు ఒకటి కనిపించింది, లేత పచ్చగా, ఎలుక చెవంత. సన్యాసి పరుగున వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చాడు. గవరమ్మ చెంబు అందుకుంది, కుండ మీద వంచబోయింది.

ఆమె కళ్లకి అడ్డంగా తల్లి నుసుమ వచ్చింది. అటూ ఇటూ తిరిగింది. నోరు కదుపుతోంది, మాట లేదు.

గవరమ్మ చెంబు కింద పెట్టింది. చూపుడువేలు మట్టిలోకి దింపింది. పైన పొడిగా ఉంది గానీ లోపల వేలికి తడి అంటింది.

"ఇంకా తడి ఉంది" అంది సన్యాసితో. తర్వాత నుసుమ వైపు తిరిగి, మెల్లగా, "తెలిసిందిలే, పొయ్యను" అంది.

ఇళ్లల్లోకి వచ్చే నుసుమలన్నీ ఆ పిల్లల సంతతే. అప్పటినుంచే నుసుమకి గొంతు లేదు. దోమ చెవి దగ్గర పాడుతుంది, ఈగ ముసురుతూ రొద పెడుతుంది. నుసుమ మాత్రం చప్పుడు లేకుండా వచ్చి, ఇంట్లో మొక్కలు పెంచే వాళ్ల మొహం ముందే తిరుగుతుంది. తోలినా పోదు. మళ్లీ వస్తుంది. మీ ఇంట్లో కూడా అలా వస్తే, చెంబు కింద పెట్టి కుండీలో వేలు దింపి చూడండి. మట్టి తడిగానే ఉంటుంది.