తలంటు పోసుకున్న కుండ

"ఆవిరమ్మా ఆవిరి, అరిటాకు పల్లకి,
ఎక్కేదెవరే అక్కమ్మా..."

ఆ పైన ఇంకా ఏదో ఉండేది బంగారూ, మర్చిపోయాను. పోనీలే, ఆ పాట పాడినావిడ కథ చెబుతాను. ఇలా దగ్గరికి జరుగు.

అనగనగా కాలవ గట్టు మీద ఒక ఊళ్ళో పేరంటాలు అని ఒకావిడ ఉండేది. అంటే మా అమ్మ. నీకు తాతమ్మ.

ఆవిడ పూతరేకులు తీసేది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెట్టేది. పల్చటి గుడ్డని పాలలాంటి బియ్యప్పిండిలో ముంచి, కాలే కుండ మీద ఒక్కసారి లాగేది. అంతే, పొరలాంటి రేకు లేచి వచ్చేది. ముగ్గురు పిల్లల పనీ, మంచాన పడ్డ అత్తగారి పనీ అయ్యాక కుండ ముందు కూర్చుంటే, పొద్దు వాలేదాకా లేచేది కాదు. సెగకి ఆవిడ ముంజేతి మీద వెంట్రుకే మొలిచేది కాదు.

అప్పుడు పక్కింటి నూకరత్నం అత్త కూతురికి పెళ్ళి కుదిరింది. మగదిక్కు లేని ఇల్లు. "బెంగపడకు వదినా, పిల్ల సారె బుట్ట నా రేకులతో నింపుతాను" అని అమ్మ మాటిచ్చింది. పెళ్ళి ఇంకా ఐదు రోజులుంది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అమ్మ కాలవకి బట్టలు తీసుకెళ్ళింది. కుండ చూస్తే నల్లగా జిడ్డోడుతోంది. 'అయ్యో, దీన్ని తోమే తీరిక కూడా లేదు అమ్మకి' అనుకున్నాను. చింతపండు, బూడిద, కొబ్బరిపీచు తెచ్చి తోమితే, కుండ ఎర్రగా తేలింది. ఎంత మురిసిపోయానో!

ఆ జిడ్డే కుండకి ప్రాణమని నాకేం తెలుసు? ఏళ్ళ తరబడి నూనె తాగితేనే కదూ, రేకు అంటుకోకుండా లేచేది.

అమ్మ వచ్చి గుడ్డ లాగింది. మొదటి రేకు అతుక్కుపోయింది. రెండోది చిరిగింది. మూడోది ముద్దయిపోయింది. అప్పుడు అమ్మ నా నల్లటి గోళ్ళు చూసింది. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను.

మా నాన్న గవర్రాజు కొబ్బరాకుల మోపు దించుతూ, "ఏమే, నీ కూతురు కుండకి తలంటు పోసినట్టుందే! సాంబ్రాణి కూడా వేసెయ్" అన్నాడు.

అమ్మ ఆయన్ని ఉరిమి చూసింది. ఆ తర్వాత ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. "కొత్తది తెచ్చినా పదును పట్టడానికి ఈ ఐదు రోజులూ కావాలి. దీన్నే బతికిద్దాం. రావే, తలంటు పోసినదానివి, నూనె కూడా నువ్వే రాయి" అంది.

మొదటి రోజు నూనె రాసి సన్న సెగ పెట్టాం. వాసన వచ్చింది గానీ రేకు రాలేదు. రెండో రోజు సగం రేకు లేచింది. "సగం మనకి, సగం కుండకి" అంది అమ్మ. నూకరత్నం అత్త గుమ్మంలోంచి తొంగి, చిరిగిన రేకులు చూసి వెళ్ళిపోయింది. ఆ పూట అమ్మకి అన్నం సయించలేదు.

మూడో రోజు గుడ్డ లాగింది. రేకు లేచింది! అమ్మ దాన్ని ఎత్తి పట్టుకుంటే, అవతల నుంచి నాన్న మీసాలు కనబడ్డాయి. ఆ తర్వాత అమ్మ చెయ్యి ఆగలేదు, నేను మంట ఆరనివ్వలేదు. పెళ్ళినాడు సారె బుట్టకి మూత పడలేదు బంగారూ!

నాకు లేటు వయసులో అక్షరాలు వచ్చాక, మొదట రాసింది అమ్మ పేరే. సున్నా మర్చిపోయి 'పేరటాలు' అని రాశాను. అమ్మకి చదువు రాదుగా, పలక అటూ ఇటూ తిప్పి, "ఇదా నేను? ఇంత పొట్టిగా ఉన్నానేమే!" అంది.

కథేమో కంచికి, కన్నేమో కునుక్కి, నువ్వేమో దుప్పట్లోకి.

అమ్మ పోయే ముందు నాతో ఆఖరున ఏమందో తెలుసా? ఆవిడ మంచం పక్కన కూర్చుని నేను తూగుతున్నాను. నా తల నిమిరి అంది: "నువ్వెళ్ళి పడుకోవే తల్లీ. పొయ్యి దగ్గర నేనుంటాగా."