పెరుగు కుండ, జీపు కాళ్ళు

అనగనగా, మబ్బులు మంచాల కిందికి కూడా దిగివచ్చే ఒక కొండ ఊరు. ఆ ఊళ్ళో సింహాద్రి అనే కుర్రవాడు ఉండేవాడు. అతనికి నాలుగు చక్రాలూ కలిసి లాగే ఒక పచ్చని జీపు ఉండేది. దాని పేరు రామచిలక. అది మాట్లాడేది కూడా. కానీ ఆ మాటలు సింహాద్రికి ఒక్కడికే వినిపించేవి.

రోజూ పొద్దున్నే రామచిలక కొండ దిగి, ఏరు దాటి, తారు రోడ్డెక్కి దూరాన ఉన్న సంతకు పోయేది. అందులో సింహాద్రి మేనమామ కూతురు పైడితల్లి పెరుగు కుండ ఒడిలో పెట్టుకుని కూర్చునేది. ఇంటి దగ్గర పాలలో తోడు వేసి ఎక్కితే, సంత చేరేసరికి పెరుగు గట్టిగా పేరుకోవాలి. కుదుపు తగిలిందా, విరిగి నీళ్ళు తేలుతాయి.

జీపు టైర్లు అరిగి నున్నగా అయిపోయాయి. ఒకనాడు పైడితల్లి అంది:

"బావా, వానలొచ్చేస్తన్నాయి. దీనికి కొత్త టైర్లెయ్యి. కుండ కదలకుండా సంతకి చేర్చావా, నిన్నే చేసుకుంటాను. లేదంటే సంత ఊళ్ళో మా పిన్ని దగ్గరే ఉండిపోతాను. రోజూ విరిగిన పెరుగు ఎవరు కొంటారు?"

సింహాద్రి గుండె గాలి పోయిన టైరులా సుయ్యిమంది. పరుగున కదిరిసెట్టి టైర్ల కొట్టుకు వెళ్ళాడు.

కొట్టు ముందే ఒక బురద టైరు, ఏనుగు గోళ్ళంత గళ్ళతో, ఛాతీ విరుచుకుని నిలబడి ఉంది.

"ఏ బురదైనా నాకు దాసోహం!" అంది.

సింహాద్రి మురిసిపోయి జీపుకు ఆ రకం టైర్లే వేయించాడు. ఊరి పిల్లలు ఈలలు వేశారు. జీపు ఏరు ఇట్టే దాటింది. తారు రోడ్డెక్కగానే గుయ్యిమని రొద, ఒళ్ళంతా వణుకు. సంత చేరేసరికి కుండలో నీళ్ళు వేరు, ముద్దలు వేరు.

"మజ్జిగ చిలకడానికి ఎక్కించావేటి బావా?" అంది పైడితల్లి.

సెట్టి మంచివాడు. టైర్లు మార్చి ఇచ్చాడు. ఈసారి సన్నని గీతల తారు రోడ్డు టైరు పిలిచింది.

"నా మీద ప్రయాణం అంటే హంస మీద ప్రయాణమే!"

నిజమే, కానీ హంస ఏటి దగ్గరే ఆగిపోయింది. చక్రాలు తిరిగాయి, బండి కదల్లేదు. అందరూ దిగి తోసేసరికి ఎండ నెత్తికెక్కింది, పెరుగు పులిసిపోయింది. ఈసారి పైడితల్లి కుండను ఏట్లో ఒంపేసి, పిన్ని ఊరి వైపు చూసింది. అది చూసి సింహాద్రికి భయమేసింది.

"రామచిలకా, ఇప్పుడేం చెయ్యను?" అన్నాడు దిగులుగా.

"రోజూ నా మీద కూర్చుని దారి చూస్తావు. నా కాళ్ళతో ఒక్కసారైనా నడిచావా?" అంది జీపు.

మర్నాడు అతను చెప్పులు విప్పి, నెత్తిన పెరుగు కుండతో బయలుదేరాడు.

"జీపున్నోడు నడుస్తన్నాడర్రా!" అని అందరూ నవ్వారు.

ఏటి బురద చీలమండలు పట్టుకుంది, కాసేపే. గులకరాళ్ళు గుచ్చాయి, ఇంకాసేపు. ఆ తర్వాత తారు రోడ్డు, ఎంతకీ తరగని తారు రోడ్డు.

తిరిగొచ్చి మళ్ళీ సెట్టి కొట్టుకు వెళ్ళాడు. అప్పుడు ఎవరూ చూడని మూల ఒక టైరు కనిపించింది. దాని గళ్ళలో వేలు పెట్టి చూశాడు. మరీ లోతు కావు, మరీ పైపైనా కావు.

"నీ గొప్పేమిటి?" అని అడిగాడు.

"గొప్పేమీ లేదు నాయనా. బురదలో కాస్త నెమ్మదిస్తాను, తారు మీద కాస్త గొణుగుతాను. కానీ ఎక్కడా వదలను."

సింహాద్రి అలాంటివే నాలుగు వేయించాడు. మరునాడే తొలివాన. జీపు ఏరు దాటింది, రాళ్ళు దాటింది, తడి తారు మీద తడబడకుండా సంత చేరింది. పైడితల్లి కుండ కాస్త వంచింది. పెరుగు కదల్లేదు. ఆమె పెదవులు మాత్రం కదిలాయి.

"అలా చూస్తావేటి బావా? అమ్మేసొస్తాను, ఉండు. సాయంత్రం మా అయ్యతో మాటాడుదువు గాని."

ఎవరూ నొక్కకుండానే రామచిలక హారన్ మోగింది.

పిల్లలూ, ఏది ఎంచుకోవాలన్నా ముందు మనం రోజూ నడిచే దారిని అడగాలి. ఆ దారికి నప్పినదే చివరిదాకా తోడుంటుంది.