చేపల్లేని తొట్టికి మేత

గోవిందాంబ గారిని ప్రశ్న అడిగినవాడికి ఆ పూటే జవాబు దొరకడం మేమెన్నడూ చూడలేదు. పని మాత్రం దొరికేది. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక భీమిలిలో సముద్రానికెదురుగా ఉన్న తమ ఇంట్లో మాబోటివాళ్ళకి ఉపనిషత్తులు చెప్పేవారు. బ్రహ్మం గురించి అడగబోయి పెరడంతా ఊడ్చి వచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఒక ఆదివారం పాఠం అయ్యాక, జూటుమిల్లులో ఫిట్టరుగా పనిచేసే వరహాలరావు లేచి నిలబడ్డాడు.

"తాగుడు మానేసి రెండు నెలలైపోయిందమ్మా. చుక్క ముట్టలేదు. అయినా నా కూతురు నాతో మాట్లాడదు. నేనింట్లోకొస్తే కంచం పట్టుకుని లోపలికెళ్ళిపోద్ది. ఇంకా నాలో ఏటి కడుక్కోవాలి?"

ఆ పిల్ల హైమని తప్పుపట్టడానికేమీ లేదు. పదో తరగతి పరీక్షల మొదటి రోజున ఇతను తప్పతాగి వెళ్ళి, ఆమె స్నేహితురాళ్ళందరి ఎదుట, పరీక్ష కేంద్రం గేటు దగ్గర కాపలావాడితో కలబడ్డాడు. ఏడాదిన్నర గడిచినా "ఊ", "ఊహూఁ" తప్ప ఆమె నోట తండ్రికి మరో మాట దక్కలేదు. అది చెబుతూ వరహాలరావు కళ్ళు తుడుచుకున్నాడు.

గోవిందాంబ గారు వరండాలోని గాజుతొట్టి వైపు చూశారు. "ఆ ఉప్పునీళ్ళ తొట్టిని మంచినీళ్ళ తొట్టిగా మార్చు, వరహాలూ. తర్వాత మాట్లాడుకుందాం."

అది ఎవరో శిష్యుడు ఊరు మారుతూ ఇచ్చిపోయిన తొట్టి. సముద్రం గుమ్మం ముందే ఉన్నా ఆ నీళ్ళు మోసి, వడగట్టి పోసే ఓపిక మాలో ఒక్కడికీ లేకపోయింది. అందులోని చేపల్ని, వాటిని పెంచడం తెలిసినాయనకి అప్పటికే ఇచ్చేశాం.

వరహాలరావు రెండు రోజులు సెలవు పెట్టి మరీ పనిలో దిగాడు. పాతనీళ్ళు తోడిపోశాడు. పగడపు రాళ్ళు, గవ్వల ఇసుక తీసేశాడు. అంచుల్లో గట్టిపడ్డ ఉప్పుని నిమ్మచెక్కలతో రుద్దాడు. నీళ్ళని వడగట్టే స్పాంజిని బ్లీచింగు పొడితో తెల్లగా ఉతికాడు. అడుగున గులకరాళ్ళు పరిచి, తాగేనీళ్ళ క్యాన్లు తెప్పించి నిండా పోసి, ఆ సాయంత్రమే ఆరు బంగారు చేపల్ని వదిలాడు. తొట్టి అద్దంలా మెరిసిపోయింది. మేమందరం మెచ్చుకున్నాం. గోవిందాంబ గారు మాత్రం ఒకసారి చూసి లోపలికెళ్ళారు.

మూడోనాటికి నీళ్ళు పాలవిరుగుడులా మసకేశాయి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి. రెండు అప్పటికే చచ్చిపోయాయి.

"మంచినీళ్ళే పోసేనమ్మా!" అంటూ వరహాలరావు పరుగెత్తుకొచ్చాడు. "మనం తాగే నీళ్ళే!"

ఆవిడ ముందు మిగిలిన నాలుగింటినీ పెరట్లో నాచుపట్టిన సిమెంటు తొట్టిలోకి మార్చారు. ఆ పచ్చనీళ్ళు చూసి అతను మొహం చిట్లించాడు గాని, చేపలు కాసేపటికే తేరుకున్నాయి.

"ఉప్పు పోయినంతమాత్రాన మంచినీళ్ళయిపోతాయా?" అన్నారావిడ. "చేప ఉన్నచోట మురికి పుడుతుంది. ఆ మురికిని అరిగించుకునే జీవులు నీళ్ళలో ఉండాలి, అవి కంటికి కనబడవు. ఉప్పునీళ్ళలోవి పోయాయి. మంచినీళ్ళవి ఇంకా పుట్టలేదు."

"చేపల్లేకుండా ఎలా పుడతాయమ్మా?"

"రోజూ చిటికెడు మేత వెయ్యి. తినేవాళ్ళు లేకపోయినా వెయ్యి. కుళ్ళనీ."

"ఎన్నాళ్ళు?"

"అది నీళ్ళ ఇష్టం."

అప్పటినుంచి వరహాలరావు మిల్లు నుంచి నేరుగా వచ్చి, ఖాళీ తొట్టికి మేత వేసి వెళ్ళేవాడు. "వడ్డన అయిందా వరహాలూ, విస్తళ్ళు ఎత్తమంటావా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆదివారం ఆదివారం గోవిందాంబ గారు గాజుగొట్టంలోకి కొంచెం నీళ్ళు తీసుకుని మందు చుక్కలు వేసేవారు. ఆకుపచ్చ రంగు వస్తే ఆ మురికి విషం నీళ్ళలో ఇంకా ఉన్నట్టు, పసుపు వస్తే పోయినట్టు. ప్రతిసారీ ఆకుపచ్చే వచ్చేది.

అయిదో ఆదివారం అతనికి చిర్రెత్తుకొచ్చింది. "ఇంట్లో అదే మౌనం, ఇక్కడా అదే రంగు! నేనేం తప్పు చేస్తన్నానమ్మా?"

"ఇప్పుడు ఏ తప్పూ చెయ్యటం లేదు," అని ఆవిడ మేత డబ్బా అతని చేతికిచ్చారు. అతను మూత తీసి చిటికెడు వేశాడు.

ఎనిమిదో ఆదివారం చుక్కలు వేస్తే లేత పసుపు రంగు వచ్చి, అలాగే నిలిచిపోయింది. వరహాలరావు నాలుగు చేపల్నీ పెరట్లోంచి గిన్నెతో తెచ్చి తొట్టిలో వదిలాడు. అవి కాసేపు ఒక మూల దాక్కున్నాయి. ఆ తర్వాత ఒకటి బయటికొచ్చి అడుగున గులకరాళ్ళలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది. దాని వెనక మిగతా మూడూ వచ్చాయి.

వరహాలరావు మొహం వెలిగిపోయింది. "నాకిప్పుడు తెలిసిందమ్మా! ఇవాళే హైమని తీసుకొచ్చి ఇది చూపిస్తాను. నేనెంత మారేనో, ఎన్నాళ్ళు ఓపిక పట్టేనో అన్నీ కూర్చోబెట్టి చెబుతాను. అప్పుడైనా మాట్లాడుద్ది."

గోవిందాంబ గారు తొట్టిలోంచి చూపు తిప్పకుండానే అడిగారు.

"ఈ చేపలకి నువ్వేం నచ్చజెప్పావు, వరహాలూ?"