షీటు లేని నంబరు

పదకొండు వందల నలభై ఏడో నంబరు షీటు ఎక్కడుందని పర్వీన్ అడిగినప్పుడు సంజీవరాయుడు సారు గోడ వైపు వేలు చూపించాడు. అడిగినదానికి అడిగినట్టు జవాబు చెప్పడం ఆయన ఎన్నడూ నేర్చుకోలేదు. ముప్పై నాలుగేళ్లు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన మనిషి. పిల్లలు సందేహం అడిగితే బల్ల మీద ఒక కాయో కొమ్మో పెట్టి, చూసుకోండి అని కిటికీ వైపు తిరిగేవాడు. అర్థమైనవాళ్లకు అయ్యేది, కానివాళ్లు గైడు కొనుక్కునేవాళ్లు. నేను అదే కాలేజీలో తెలుగు పంతుల్ని. కరివేపాకు దాటితే మొక్కలతో నాకు పరిచయం తక్కువ. ఆదివారాలు ఆయన ఇంటికి పోయేది కాఫీ కోసం, ఆ ఆదివారమూ అందుకే పోయాను.

పర్వీన్ ఆయన చివరి శిష్యురాలు. ప్రొద్దుటూరు పిల్ల, పాలకొండల మొక్కల మీద పరిశోధన చేస్తోంది. సారు జీవితమంతా సేకరించిన మొక్కలను విశ్వవిద్యాలయానికి అప్పగించాలని నిర్ణయించుకున్నాక, రెండు నెలలుగా అల్మారాలు సర్దే పని ఆమె మీద పడింది. ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. కొండ మీద పెరికిన ప్రతి మొక్కకూ పుస్తకంలో ఒక నంబరు వేస్తారు. పక్కనే చోటు, తేదీ, కొండ మనుషులు పిలిచే పేరు, సేకరించినవాళ్ల పేరు రాస్తారు. తర్వాత మొక్కను పాత పేపర్ల మధ్య అదిమి ఎండబెట్టి, దళసరి షీటు మీద అతికించి, అదే నంబరు దాని మీదా వేస్తారు. నంబరు పెరికినదానికే. ఫోటో తీసి వదిలేసిన మొక్కకు నంబరు ఉండదు.

సంజీవరాయుడంటే మా వైపు ఆంజనేయస్వామి. ఒక్క మూలిక కోసం కొండనే పెరికిన దేవుడి పేరు పెట్టుకుని, ఈయన ఒక్క మొక్క పెరకడానికి లెక్కలు వేస్తాడని మేము ఎగతాళి చేసేవాళ్లం. నిజంగానే లెక్క వేసేవాడు. చుట్టుపక్కల అదే జాతివి ఇరవై కనిపిస్తేనే ఒకటి తీసేవాడు. లేకుంటే కెమెరాలో పట్టుకుని దిగి వచ్చేవాడు. అట్లా తీసిన ఫోటోలు పెట్టెల నిండా ఉన్నా, గోడకు కట్టించినది ఒక్కటే. రెక్కలు విప్పిన కొంగలాంటి తెల్లటి పువ్వు, వెనక ఎర్రమట్టి. ఢిల్లీలో బహుమతి వచ్చిన ఫోటో అది. ఆయన కుర్చీకి సరిగ్గా ఎదురుగా ఉండేది.

ఆ రోజు పర్వీన్ చెప్పులు విడవకముందే మాట మొదలుపెట్టింది.

"సార్, కొంగపువ్వు దొరికింది."

సారు కుర్చీలోంచి లేచాడు. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఆయన అంత త్వరగా లేవడం నేను చూడలేదు. ఆ కొండల్లో ఆ జాతి అంతరించిందని ఆయనే ఎప్పుడో రాసిపెట్టాడు. ఇరవై ఆరేళ్లుగా ఎవరికీ కనబడలేదు.

"ఎన్ని చూసినావు?"

"ఒకటే సార్. పూసింది. చెయ్యి గూడా తగలనియ్యలేదు. మీరు చెప్పినట్టే ఫోటో మాత్రమే తీసుకున్యా."

ఆమె కెమెరా చేతికిచ్చింది. సారు కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు, నేనూ ఆయన భుజం మీదుగా చూశాను. బాగుంది. నాలాంటివాడికి కూడా రెక్కరెక్కా తెలిసేటట్టు ఉంది. పువ్వు చుట్టూ నేల, ముగ్గు వేయడానికి చిమ్మిన వాకిలిలా శుభ్రంగా ఉంది. నాకు అంతే కనబడింది. అందుకే నేను తెలుగు పంతుల్ని.

పర్వీన్ అడిగింది అప్పుడే. తను తీసిన ఫోటోను పాత మొక్కతో పోల్చి చూడాలి. పుస్తకంలో కొంగపువ్వు పదకొండు వందల నలభై ఏడు. అల్మారాలో నలభై ఆరు ఉంది, నలభై ఎనిమిది ఉంది, మధ్యది లేదు. సర్దేటప్పుడే బయటపడిన లోటు అది, నాలుగు రోజులుగా వెతుకుతోంది.

"అల్మారా తాళాలు నా దగ్గరే ఉండాయి సార్. రేపు వాళ్లు వచ్చి లెక్క చూసుకుంటే, అంత అరుదైన మొక్క యాడికి పోయిందని నన్నే కదా అడిగేది. అది యాడ పెట్టినారు?"

సారు కెమెరాను బల్ల మీద పెట్టి, ఎదురుగా ఉన్న గోడ వైపు వేలు చూపించాడు. నేను లేచి దగ్గరికి పోయి చూశాను. పటం కింది మూల, చీమంత అక్షరాలతో, నల్ల సిరాతో ఆ నంబరే ఉంది. ఎన్ని వందల ఆదివారాలు దాని ముందు కాఫీ తాగానో, ఒక్కసారీ కనబడలేదు.

"అది ఫోటో కదా సార్. ఫోటోకు నంబరు వెయ్యరు కదా?"

"వెయ్యరు," అన్నాడు సారు. తర్వాత ఆయన చెప్పినది, నాకు గుర్తున్నంతవరకు, ఇది.

ఆ కొండల్లో ఆయనకు దారి చూపించినది చెంచమ్మ అనే యానాది ఆమె. తేనె, గడ్డలు, మూలికలు తెచ్చి సంతలో అమ్ముకునేది. ఆరేళ్లు ఆయన ముందు నడిచి, అడిగిన ప్రతి మొక్కకూ పేరు చెప్పింది గానీ కొంగపువ్వు ఉన్న పల్లానికి మాత్రం తీసుకుపోలేదు. బాలింతలకు దాని గడ్డ మందు. ఆ మొక్కకు అడుగున రెండు గడ్డలుంటాయి. వాళ్లమ్మ నేర్పిన పద్ధతి ప్రకారం పాత గడ్డ మనిషికి, కొత్త గడ్డ మొక్కకు. ఒకప్పుడు కొండంతా ఉండేవట, అప్పటికి ఆ పల్లంలో నాలుగే మిగిలాయి. ఏడో ఏడు, కూతురికి నెలలు నిండుతున్నాయనగా, ఎందుకో ఆమెకే మనసు కరిగింది. ముట్టనని, పెరకనని ఒట్టు వేయించుకుని తీసుకుపోయింది. చూపించి, గడ్డలు తవ్వడానికి అవతలి కొండకు వెళ్లిపోయింది.

నాలుగు మొక్కలూ మనిషి నడుమెత్తు బోదగడ్డి మధ్యలో ఉన్నాయి. కెమెరా ఎటు పెట్టినా గడ్డిపోచలు అడ్డం. ఒక పోచను వంచాడు. అది మళ్లీ లేచింది. పీకాడు. దాని వెనక ఇంకొకటి. మధ్యాహ్నం దాకా ఒక్కొక్క పోచా చేత్తో పీకుతూ, పువ్వులు కదలకుండా, వాటి మీద తన నీడ కూడా పడకుండా, మూరెడు మూరెడు నేల చదును చేసుకున్నాడు. ఒట్టు నిలబెట్టుకున్నానని మనసులో ఎంత గర్వపడ్డాడో చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయింది. ఫిల్ములో పన్నెండు ఫోటోలు తీశాడు. పదకొండోది గోడ మీద ఉన్నది.

పది రోజుల తర్వాత కాలేజీ మిత్రులకు చూపించాలని మళ్లీ ఎక్కాడు. ముదురు బోదలోకి మేకలు మూతి పెట్టవు. అది కోసుకుంటుంది, వాసన వేస్తుంది. కానీ గడ్డి మధ్యలో వాకిలి తెరిచినట్టు ఖాళీ ఉంటే, అందులో పచ్చగా ఏదో నిలబడితే, మేకకు చెప్పేవాళ్లెవరు? మూడింటిని మేకలు గడ్డలతో సహా పీకి మేసేశాయి. నాలుగోది ఎండకు వాడి పడిపోయింది. ఎవరో దాన్ని తవ్వి చూశారు. గడ్డలు రెండూ మెత్తబడి ఉన్నాయి. పక్కనే చెంచమ్మ కూర్చుని ఉంది. కాన్పయి జ్వరంతో పడి ఉన్న కూతురికి మందు కోసం వచ్చిందట.

"నేను ముట్టలేదు చెంచమ్మా," అన్నాడాయన. నోటికి అదే వచ్చింది.

ఆమె తిట్టలేదు. "నువ్వు ముట్టల్యా సామీ," అంది. "దాని ఇల్లు పీకినావు, అంతే."

ఆ కూతురు బతికిందో పోయిందో సారు చెప్పలేదు, మేము అడగలేకపోయాం. ఆ తర్వాత చెంచమ్మ ఆయనతో కొండెక్కలేదు. సంతలో కనబడితే పలకరించేది, క్షేమం అడిగేది. సంచిలోంచి ఒక ఆకు తీసి, దీన్నేమంటారని అడిగితే మాత్రం, అటూ ఇటూ తిప్పి చూసి, "తెల్దు సామీ" అని తిరిగి చేతిలో పెట్టేది. తెలియకపోవడమేమిటి, ఆ కొండలో ఆమెకు తెలియని గడ్డిపోచ లేదు. చనిపోయేదాకా తొమ్మిదేళ్లు ఆమె ఆ ఒక్క మాటే చెప్పింది.

పర్వీన్ పుస్తకం తెరిచి ఆ నంబరు తర్వాతి పేజీలు తిప్పింది. కొండ మనుషులు పిలిచే పేరు రాయాల్సిన గడి, అక్కడి నుంచి చివరి దాకా, వెయ్యికి పైగా మొక్కలకు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలు ఆమె రెండు నెలలుగా చూస్తూనే ఉంది. సారు రాయడానికి బద్ధకించాడనుకుందట.

"నువ్వు ఫోటో ఎప్పుడు తీసినావు?" అని అడిగాడు సారు.

"నిన్న పొద్దున సార్." ఆమె కెమెరా మళ్లీ చేతిలోకి తీసుకుని చూసుకుంది. "గడ్డి అడ్డమొచ్చె. ఒక్క రెండు జానల మేర... సార్, నేను..."

"తెలుసు. కనబడతానే ఉంది."

మర్నాడు మొదటి బస్సుకే ఆమె పోయింది. మొక్క చుట్టూ దడి కట్టడానికి ఎండుకొమ్మలు, కంప, పోయడానికి నీళ్ల డబ్బా తీసుకుని పోయిందని సారు చెప్పాడు. ఆయన కొండెక్కలేడు. అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆదివారం కాకపోయినా నేను కూడా పోయి కూర్చున్నాను. ఎండ మాడ్చేస్తోంది. వానలు మొహం చాటేసి పన్నెండు రోజులైంది. కాఫీ ఇద్దరమూ తాగలేదు.

నాకు కోపం ఆగలేదు. "ఇరవై ఆరేళ్లు గోడకు వేలాడదీసుకున్న మాట నోటితో ఒక్కసారి చెప్పి ఉంటే ఏం పోయేది సార్? పెరకొద్దు అని వెయ్యిసార్లు చెప్పారు. గడ్డి పీకొద్దు అని ఒక్కసారి చెప్పలేకపోయారా? పిల్లకు ఎలా తెలుస్తుంది?" అన్నాను. బహుమతి తెచ్చిన తప్పును ఒప్పుకోవడం ఎంత కష్టమో నాకు తెలియక కాదు, అయినా అన్నాను. అన్నందుకు తర్వాత బాధపడ్డాను గానీ, ఇప్పటికీ ఆ మాట తప్పనుకోను.

పొద్దు వాలుతుండగా పర్వీన్ వచ్చింది. చేతుల మీద బోదగడ్డి కోసిన గీతలు ఎర్రగా ఉన్నాయి. కంప మోసుకుపోయిన తాడు ఖాళీగా భుజం మీద ఉంది. మెట్టు మీద కూర్చుని, చున్నీ కొంగు విప్పి సారు ముందు పెట్టింది. గోరంత ఆకు తునక, దాని అంచున మేక పంటి గాటు. గడ్డతో సహా ఇంకేమీ మిగల్లేదట. ఆమె ఏడవడం మొదలుపెట్టింది. అవతల ఇంట్లో ఎవరో పిల్లల్ని స్నానానికి పిలుస్తున్నారు.

సారు ఆ తునకను అరచేతిలోకి తీసుకుని, నిన్నటి పాత పేపరు ఒకటి తెప్పించి, దాని మధ్యలో పెట్టి మడిచాడు.

"నీ పుస్తకం తెచ్చినావా?"

ఆమె సంచిలోంచి తీసింది.

"ఎన్నో నంబరు దాకా వచ్చినావు?"

"నూట ఆరు సార్."

"నూట ఏడు వెయ్యమ్మా."

ఆమె వేసింది. చోటు రాసింది, తేదీ రాసింది. సేకరించినవాళ్ల గడి దగ్గరికి వచ్చి, కన్నీళ్లు తుడుచుకుని తన పేరు మొదటి అక్షరం రాయబోయింది. సారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా పేరు ముందు రాయి," అన్నాడు.