గొలుసు దాటని ముద్ద

అనగనగా ఒక ఏరు. ఏరంటే ఊరికే ఏరు కాదు, మూడు సీమల కడుపు నింపిన తల్లి. పైన గట్టుసీమ. అక్కడ ఎడ్లు, ఇనుము. నడుమ పల్లంసీమ. అక్కడ వరి. కింద, ఏరు కడలిలో కలిసే చోట, ఉప్పుసీమ. అక్కడ ఉప్పు మడులు తప్ప వరి మొక్క ఒక్కటి మొలవదు.

గట్టు నుంచి ఎడ్లూ నాగటికర్రులూ దిగి వచ్చేవి. కింది నుంచి ఉప్పు ఎక్కి వచ్చేది. నడుమ నుంచి వడ్లు రెండు వైపులా పోయేవి. ఎవరికి లేనిది వారికి పడవ తెచ్చిపెట్టేది.

పల్లంసీమను ఏలే రాజు పేరు ఇందుశేఖరుడు. మంచివాడు. మంచివాడే గానీ భయస్తుడు. ఆకాశంలో మబ్బు లేకపోతే అతనికి నిద్ర పట్టేది కాదు, తన ప్రజలు ఏమైపోతారోనని.

ఆ సీమలో ఒక ఆచారం ఉండేది. కోతలయ్యాక మొదటి పడవకు మొదటి కుంచం రాజే తన చేత్తో కొలవాలి. కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనకూడదు, ‘లాభం’ అనాలి. ఆఖరున దోసెడు వడ్లు కొసరు వెయ్యాలి. రాజు గొంతున ఆ మాట వినపడితే చాలు, రేవులో నిలబడ్డ జనం ఈ ఏడు గండం లేదనుకుంటూ ఇళ్ళకు పోయేవారు.

ఒక ఏడు వాన ఆలస్యమైంది. రాకపోలేదు, ఆలస్యమైంది. నారు ముదిరింది, కంకుల్లో గింజ లేని తాలు పెరిగింది. నాలుగు బస్తాలు పండే చోట మూడే పండాయి.

మంత్రి భావన్న రాజు దగ్గరికి వచ్చాడు. “ప్రభూ, ఈ ఏడు రేవు మూసేద్దాం. మన గింజ మన దగ్గరే ఉంటే మనకేం భయం?” అన్నాడు.

“మరి ఉప్పుసీమవాళ్ళు?” అని అడిగాడు రాజు. అతని ఒక్కగానొక్క చెల్లెలు మైలమాంబను ఇచ్చింది ఆ సీమ రాజుకే.

“వాళ్ళ సంగతి వాళ్ళ రాజు చూసుకుంటాడు ప్రభూ. మీరు మీ బిడ్డలకు తండ్రి.”

ఆ మాట రాజుకు సబబుగా తోచింది. ఏటికి అడ్డంగా ఇనుప గొలుసు కట్టించాడు. గింజ అన్నది గొలుసు దాటకూడదని ఆజ్ఞ వేశాడు. ఆ ఏడు అతను కుంచం ముట్టలేదు.

జనం అది చూశారు. “రాజుగారే కుంచం ముట్టలేదంటే కొఠారులో ఏమీ లేదన్న మాటేగా!” అని ఒకరు గొణిగారు. సాయంత్రానికల్లా ఊరంతా అదే మాట. కుంచెడు బియ్యం కొనేవాళ్ళు బస్తా కొన్నారు. బస్తా కొనేవాళ్ళు బండెడు కొన్నారు. పొద్దున ఒక ధర, మాపటికి ఒక ధర. రోజు కూలితో ఆ పూట బియ్యం కొనుక్కునేవాళ్ళు ఉత్త సంచులతో వెనక్కి పోయారు.

రాజుకు కోపం వచ్చింది. పాత ధరకు మించి అమ్మితే కొరడా దెబ్బలని దండోరా వేయించాడు. మర్నాడు ధర పాతదే. కానీ అంగళ్ళలో బియ్యమే లేవు. లేని బియ్యం ఏ ధరకైతేనేం?

రాజు కోపం రెట్టింపైంది. “వర్తకులే దాచారు, కొట్లు సోదా చెయ్యండి” అన్నాడు. భటులు పోయి పెద్ద వర్తకుడు కేతన సెట్టిని పట్టుకొచ్చి సభలో నిలబెట్టారు.

“దాచావా?” అన్నాడు రాజు.

“దాచాను ప్రభూ. నాలుగు బస్తాలు దాచాను. తప్పే, శిక్షించండి. కానీ నేనొక్కణ్ణే కాదు. మీ భటుల ఇళ్ళలో అటకలు చూడండి. కోపం తెచ్చుకోనంటే ఇంకో మాట. మీ అంతఃపురం వంటింటి అటక కూడా చూడండి.”

రాజు విసవిసా లోపలికి నడిచాడు. అటక మీద వరసగా బానలు. ఒకదాని మూత తీశాడు. గుప్పుమని ముక్కిన వాసన. బియ్యం నిండా పురుగు కదులుతోంది. వడ్లయితే ఏడాది నిలిచేవి. గాబరాలో అందరూ దంచిన బియ్యమే కొన్నారు, ముసురు రోజుల్లో బానల్లో కుక్కారు. ఊరంతా అటకల మీద తిండి పురుగులపాలవుతోంది, కింద పొయ్యిలు ఆరిపోయి ఉన్నాయి.

రాణి తల వంచుకుంది. “పిల్లలున్నారు కదండీ. మీరే రేవు మూశారంటే నాకు భయమేసింది” అంది.

రాజు బాన మూత పెట్టేశాడు. ఆ భయం తన దగ్గర మొదలైందని అతనికి మొదటిసారి అనుమానం వచ్చింది. అయినా గొలుసు తీయమనడానికి నోరు రాలేదు.

ఇంతలో గట్టుసీమ నుంచి కబురు. వాళ్ళూ పల్లంసీమ వడ్లు తినేవాళ్ళేగా. “మీరు గింజ ఆపారు, మేం ఎడ్లు ఆపాం, ఇనుము ఆపాం” అన్నారు. దున్నే కాలం వచ్చేసింది. కర్రులు అరిగిపోయి ఉన్నాయి. ముసలి ఎడ్లు సగం చాలుకే కూలబడుతున్నాయి. పోయినేడు నాలుగో వంతు పంట పోతేనే ఇంత గోల. ఈ ఏడు సాగే లేకపోతే?

ఇక ఉప్పు కూడా ఆగిపోతుందని సభలో అందరూ అనుకున్నారు. ఆగలేదు. ఒక పొద్దున ఉప్పు పడవ వచ్చి గొలుసుకు అవతల నిలిచింది. అందులో మైలమాంబ కూర్చుని ఉంది. ఒళ్ళో బిడ్డ.

రాజు రేవుకు పరుగున వెళ్ళాడు. భావన్న వెంట నడిచాడు.

“అన్నయ్యా, బాగున్నావా?” అంది మైలమాంబ. ఆమె చెక్కిళ్ళు లోపలికి పోయాయి. “ఉప్పు తెచ్చాను, దించుకోండి. మా సభవాళ్ళు ఉప్పు ఆపేద్దామన్నారు. మా పుట్టింటివాళ్ళు చప్పిడి కూడు తినడం నాకిష్టం లేదని పట్టుబట్టి తెచ్చాను. కొసరు కూడా వేశాను.”

రాజు తల దించుకున్నాడు. “రా తల్లీ, దిగు.”

“దిగను. నా కొడుక్కి అన్నప్రాసన చెయ్యాలి. మొదటి ముద్ద మేనమామ చేత్తో పెట్టాలి కదా. నెలలు దాటిపోయినా, పడవ వస్తుంది, వస్తుంది అని ఎదురుచూశాను. రాలేదు. అందుకే నేనే వచ్చాను.” ఆమె కొంగు ముడి విప్పి వెండి గిన్నె తీసింది. అది ఖాళీగా ఉంది.

రాజు గొలుసు మీదుగా వంగి బిడ్డ చెయ్యి పట్టుకున్నాడు. మణికట్టు అతని వేళ్ళ మధ్య జారిపోయేంత సన్నగా ఉంది. అతని కళ్ళు నిండాయి.

“భావన్నా, కోటలోంచి పరమాన్నం తెప్పించు” అన్నాడు.

“ఆగన్నయ్యా,” అంది మైలమాంబ. “గింజ గొలుసు దాటకూడదని నువ్వేగా ఆజ్ఞ వేశావు? రాజు చెల్లెలి కొడుక్కని దాటిస్తావా? మా ఊళ్ళో వీడి ఈడు పిల్లలు ఇంటికొకరున్నారు. వాళ్ళకు రాజులు మేనమామలు కారు. ఉప్పు మడుల్లో పనిచేసే చిట్టెమ్మవ్వ తన గంజి మనవలకు పోసి పోసి, పోయిన వారమే కన్నుమూసింది. ఆ మనవల్ని నా ఎదట కూర్చోబెట్టుకుని నా బిడ్డకొక్కడికి ముద్ద పెట్టించుకోలేను. గొలుసు ఉంటే ముద్ద వద్దు. ముద్ద పెట్టాలంటే గొలుసు ఉండకూడదు.”

రాజు వెనక్కి తిరిగి తిన్నగా కొఠారుకు నడిచాడు. తాళం తీసి తలుపు నెట్టాడు.

లోపల వడ్లు వాసాలు తాకేంత ఎత్తున ఉన్నాయి. కింది వరస చెమ్మకు మొలకెత్తి నల్లబడింది. గుట్ట మీద ఒక పందికొక్కు కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది. కదల్లేనంత బలిసింది.

“తలుపు వెయ్యండి ప్రభూ, వెలుతురు కళ్ళలో పడుతోంది” అంది ఆ పందికొక్కు. “మీరు రేవు మూసినప్పటి నుంచి మీ పేరు చెప్పుకునే బతుకుతున్నాం. మా పిల్లలకు మీరే మేనమామ!”

రాజు ముఖం సిగ్గుతో కాలిపోయింది. గోడకు వేలాడే కుంచం తీసుకున్నాడు. మంచి వడ్ల బస్తాలు మోయించుకుని రేవుకు వచ్చాడు.

“ప్రభూ, ఇచ్చేస్తే మనకు?” అని భావన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఎప్పటంత ఇవ్వలేను భావన్నా. తక్కువే పండింది, తక్కువే కొలుస్తాను. కానీ కొలుస్తాను” అన్నాడు రాజు. తానే గొలుసు కొక్కెం విప్పాడు. గొలుసు నీళ్ళలో పడి మునిగింది. రాజు కుంచం నింపి పడవలోకి వంచాడు.

“లాభం!”

ఆ మాట రేవంతా వినపడింది. ఒక ముసలాయన చేతులెత్తి దండం పెట్టాడు. కేతన సెట్టి తన నాలుగు బస్తాలూ అంగట్లోకి దించాడు. అటకల మీది బానలు ఒక్కటొక్కటే కిందికి దిగాయి. పురుగు పట్టినవి చెరిగారు, పాడైనవి పారబోశారు, మంచివి బజారుకు వచ్చాయి. కొరడా లేకుండానే ధర పాత దగ్గరే నిలిచింది. వడ్ల పడవ పైకి పోయిన వారంలోనే గట్టు ఎడ్లు దిగి వచ్చాయి. ఆలస్యంగానైనా నాగళ్ళు కదిలాయి.

గొలుసు మునిగిన ఆ పొద్దునే మైలమాంబ పడవ దిగింది. రాజు పరమాన్నం తెప్పించి, బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తొలి ముద్ద నోట్లో పెట్టాడు. బిడ్డ చప్పరించి, ఇంకా కావాలని నోరు తెరిచాడు. రేవులో అందరూ నవ్వారు. రాజు మాత్రం నవ్వలేదు. ఇంకో ముద్ద కలుపుతూ అడిగాడు: “చెల్లీ, చిట్టెమ్మవ్వకు మనవలెందరు?”

“ముగ్గురు.”

“పడవలో ఎక్కించి తీసుకురా. వాళ్ళకూ నేనే మేనమామను.”

ముగ్గురూ వచ్చారు, కడుపు నిండా తిన్నారు. చిట్టెమ్మవ్వ మాత్రం తిరిగి రాలేదు.

పిల్లలూ, పంట తగ్గితే కరువు సగమే వస్తుంది; భయపడి తలుపులు మూసుకుంటే మిగతా సగాన్ని మనమే తెచ్చుకుంటాం.